ఎర్రగా ఉమ్మితేనే పాస్

మా బడిలో పొద్దున ఐదున్నరకు కోడి కూయదు, హేమ్లి అరుస్తుంది. దమ్మపేట దాటి అశ్వారావుపేట పోయే దారిలో, పామాయిల్ తోటల మధ్య ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాల మాది. రెండు వందల నలభై మంది పిల్లలు, పద్నాలుగు కుళాయిలు, ఒక్క ఆయా. ఆ ఆయాయే హేమ్లి. పిల్లలంతా ఆమెను యాడీ అని పిలుస్తారు. లంబాడీ మాటలో అమ్మ అని అర్థం. చర్ల అవతలి ఊళ్ళ నుంచి వచ్చిన కోయ పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. నన్ను మాత్రం ఇన్నమ్మ టీచర్ అంటారు. పదకొండేళ్ళుగా పరిసరాల పాఠం చెబుతున్నా నన్ను ఒక్కరూ అమ్మా అనలేదు. అందుకు నాకు కుళ్ళు లేదని చెబితే అబద్ధమవుతుంది, ఆ అబద్ధం మళ్ళీ ఆదివారం ఫాదర్ దగ్గర ఒప్పుకోవాల్సి వస్తుంది.

హేమ్లికి యాభై మూడేళ్ళు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. చేరి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో ఎంతమంది హెడ్మాస్టర్లు వచ్చిపోయారో నాకు తెలియదు గానీ కుళాయిల దగ్గర చట్టం మాత్రం మారలేదు. ఎర్రగా ఉమ్మితేనే పాస్. తెల్లగా ఉమ్మిన పిల్ల మళ్ళీ వరస చివరికి పోవాలి.

"నెత్తురు రాకుంటే పాచి పోయినట్టు ఎట్ల తెలుస్తదే? చెడు నెత్తురు బయటికి పోవాలె. అప్పుడే పండ్లు గట్టిపడ్తయి. మల్ల తోము!"

హాస్టల్ కిట్లలో వచ్చే బ్రష్షులు ఆమెకు ఆనవు. "ఇవి బ్రష్షులా, పిల్లి మీసాలా?" అని వాటిని దువ్వెనలు కడగడానికి పెట్టేది. సంతకు పోయి, ఉన్నవాటిలోకెల్లా బిరుసైనవి ఏరి తెచ్చేది. ఒకసారి మా వంటమనిషి మంగమ్మ వాటిలో ఒకదానితో మాడిన మూకుడు తోమి చూసింది. మూకుడు అద్దంలా మెరిసింది. పేస్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. నురగ వస్తే పని జరిగినట్టు కాదని ఆమె నమ్మకం. ఊక బూడిదలో ఉప్పు కలిపి డబ్బాల్లో పోసి పెట్టేది. తోముడు కూడా రంపంతో కట్టె కోసినట్టు అడ్డంగా, బలంగా ఉండాలి. ఈ విద్యలో అందరికంటే ముందుండేది నాలుగో తరగతి అక్సా. ఆ పిల్ల రెండు నిమిషాల్లో ఎర్రగా ఉమ్మి పాసైపోయేది. "చూడుండ్రే, అక్సా ఎట్ల తోమిందో! బలం అంటే అది" అని హేమ్లి మిగతా వాళ్ళకు చూపించేది.

ఈ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఆమే ఒకసారి చెప్పింది. ఆమె చేరిన కొత్తలో ఎవరో ఆఫీసరు బహుమతులు ఇవ్వడానికి వచ్చాడట. స్టేజీ మీదికి వచ్చిన పిల్ల "నమస్తే సార్" అని నోరు తెరవగానే ఆయన జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడట. ఆ పిల్ల ప్లేటు తీసుకుని దిగి, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదట. "ఆనాడు అనుకున్న టీచరమ్మా. నా పిల్లల ముందర ఇంక ఎవడు ముక్కు మూసుకోవద్దు" అంది. నిజంగానే తర్వాత ఎవరూ మూసుకోలేదు. అది కూడా ఆమె లెక్కలోనే రాయాలి.

నేను మూడో తరగతికి పళ్ళ పాఠం చెప్పేటప్పుడు కిటికీలోంచి హేమ్లి కనిపిస్తే గొంతు తగ్గించేదాన్ని. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మొన్న ఏప్రిల్‌లో, సెలవులకు రెండు రోజుల ముందు, గేటు దగ్గరికి ఐస్ బండి వచ్చింది. పిల్లలకు కొనిస్తూ నేనొకటి హేమ్లికి ఇచ్చాను. ఒక్క కొరుకు కొరికి, తేలు కుట్టినట్టు ఎగిరి, ఐసును పామాయిల్ తోటలోకి విసిరేసింది. అప్పుడు గుర్తొచ్చింది, దసరా నుంచి ఈమె కుండనీళ్ళు తాగడం లేదు, వంటింట్లో మంగమ్మను వేడినీళ్ళు అడిగి కలుపుకుని గోరువెచ్చగా తాగుతోంది. నేను నిలదీస్తే స్టోర్ రూమ్‌లోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

"ఎవలకు చెప్పనని మీ బైబిల్ మీద ఒట్టెయ్యి."

"ముందు సంగతి చెప్పమ్మా."

"నా పండ్లు పెరుగుతున్నయి."

నేను నవ్వాపుకున్నాను. ఆమె కింది పెదవి లాగి చూపించింది. ముందరి రెండు పళ్ళు నిజంగానే పొడుగ్గా కనిపించాయి. మొదళ్ళ దగ్గర పసుపుపచ్చగా, కాస్త నొక్కుకుపోయి ఉన్నాయి.

"ఈ వయసుల పండ్లు పెరుగుడేంది టీచరమ్మా? ఎలుకకు పెరిగినట్టు పెరుగుతున్నయి. రోజూ ఇంకా గట్టిగ తోముతున్న, అరిగి పొట్టిగైతయేమోనని. ఎంత తోమితే అంత పెరుగుతున్నయి."

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆమె భయం నొప్పి గురించి కాదు. "బడి తెరిచేనాటికి బాగుచేయించుకోవాలె. పిల్లలకు పండ్లు తోముడు నేర్పేదానికే పండ్లు పాడైనయంటే, రేపు నా మాట ఏ పిల్ల ఇంటది? నన్ను చూసి నవ్వుతరు" అంది. ఆమెకు ఉన్న ఆస్తల్లా ఆ మాటే.

భర్త బద్యాకు చెబితే తండా అంతా తెలుస్తుందని, కళ్ళు చూపించుకోవడానికి ఖమ్మం పోతున్నానని చెప్పింది. నన్ను తోడు తీసుకుంది. సత్తుపల్లి మీదుగా బస్సులో పోతున్నంతసేపూ "కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతదేమో" అని గొణుగుతూనే ఉంది.

డాక్టర్ సంగీత చిన్న వయసు మనిషి, ఓపిక పెద్దది. చిగుళ్ళ ఆపరేషన్లు చేయడమే ఆమె పని. దీపం వేసి, సన్నని కొలబద్దతో చిగుళ్ళన్నీ కొలిచి, ఎక్స్‌రే తీయించి చూసింది.

"అమ్మా, మీ పండ్లు పెరగలే. చిగుళ్ళు జారినయి. దాచి ఉండాల్సిన వేరు బయటికొచ్చింది. అందుకే చల్లటిది తగిల్తే జిల్లుమంటున్నది. ఇట్లనే వదిలేస్తే ఇంకా జారుతది, రేపు పండ్లు కదుల్తయి."

"పాచి పట్టిందా?" హేమ్లి కుర్చీలోంచి సగం లేచింది.

"పాచా? గవ్వంత గూడ లేదు. ఇంత శుభ్రమైన నోరు నేను ఈ మధ్యల చూడలే."

హేమ్లి నా వైపు తిరిగి చూసిన చూపు మీరు చూడాల్సింది. పరీక్షలో ఫస్టొచ్చిన పిల్ల కూడా అలా చూడదు.

డాక్టర్ ఒక్కో దారీ విడమరిచి చెప్పింది. చిగురు లోపల పాచి గట్టిపడి చీము పట్టినవాళ్ళకు చిగురు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ కుట్టే ఆపరేషన్ ఒకటుందట. అది హేమ్లికి అక్కర్లేదు. పక్కన చిగురు మందంగా ఉంటే దాన్నే కాస్త విడదీసి, జరిపి వేరును కప్పొచ్చు. హేమ్లికి పక్క చిగురు కూడా పలచబడింది. సూది బెజ్జమంత రంధ్రం పెట్టి, లోపలి నుంచే చిగురును వదులు చేసి లాగే పద్ధతి కూడా ఉందిగానీ, ఇంత పల్చని చిగురుకు అది తను చేయనంది. బయట తయారై వచ్చే పొరలు పెట్టేవాళ్ళూ ఉన్నారట.

"మీకైతే మీ సొంతదే మేలు. అంగిట్ల నుంచి, పై తోలు కింద ఉండే పొర కొంచెం తీసి ఇక్కడ పెట్టి, మీ చిగురునే పైకి లాగి కుడ్త. మత్తు సూది ఇస్త, నొప్పి తెల్వది. గంట పని."

హేమ్లి నాలుకతో అంగిలి తడుముకుంది. "అంటే అతుకు ఏస్తవ్."

"అవ్, అతుకే."

"మా అమ్మ లంగాలకు ఏసేది. నువ్వు అద్దాలు గిట్ల పెట్టవు గద?"

డాక్టర్ నవ్వి, "మొత్తం ఎనుకటి లెక్క అయితదని మాత్రం మాటియ్య. ముప్పావు వంతు కప్పినా గెలిచినట్టే" అంది. తర్వాత ఒక ప్లాస్టిక్ పళ్ళ బొమ్మ, ఒక బ్రష్షు ఆమె చేతికిచ్చింది. "మీరు రోజూ ఎట్ల తోముతరో చూపియ్యండి."

హేమ్లికి సంతోషం పట్టలేదు. కొంగు బిగించి, కాళ్ళు ఎడం పెట్టి, బొమ్మను ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని మొదలుపెట్టింది. బల్ల మీద ఉన్న పెన్నులు కిందపడ్డాయి. డాక్టర్ మెల్లగా లేచి ఆమె చేతిలోంచి బ్రష్షు తీసుకుంది.

"ఇదేనమ్మా మీ జబ్బు."

"ఏది?"

"ఈ తోముడే. ఏండ్ల తరబడి చిగురును గీకి గీకి కిందికి తోసినవు. నెత్తురు వస్తే చెడు పోయినట్టు కాదు, చిగురుకు దెబ్బ తగిలినట్టు. ఆపరేషన్ ఎంత బాగ చేసినా, మల్ల ఇట్లనే తోమితే ఆ అతుకు గూడ పోతది."

"తోమితే అరగనీకి నా చిగుళ్ళేమన్న సబ్బు బిళ్ళనా?" అని ఎగిరింది హేమ్లి. ఆ ఎగరడం సగంలోనే ఆగిపోయింది. ఆమెకు పిల్లలు గుర్తొచ్చారని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ వాళ్ళే గుర్తొచ్చారు.

తిరుగు బస్సులో హేమ్లి వేళ్ళు మడుస్తూ ఏవో లెక్కలు వేసుకుంది. సత్తుపల్లి స్టాండులో బస్సు ఆగాక అడిగింది. "టీచరమ్మా, ఇరవై రెండేండ్లల ఎంతమంది పిల్లలైతరు?"

నాకు లెక్క వచ్చు. చెప్పలేదు.

మే నెల మొదటి వారంలో ఆపరేషన్ అయింది. బద్యాకు చెప్పక తప్పలేదు. ఎన్ని రకాల ఆపరేషన్లు ఉన్నాయో నేను వివరిస్తుంటే అతను చెవి గోక్కుంటూ "పండ్లూడగొట్టుకోనీకి ఏ రాయైతే ఏంది టీచర్" అన్నాడు. ఇంటికొచ్చాక పాటించాల్సినవి డాక్టర్ కాగితం మీద రాసిచ్చింది. కారం వద్దు, వేడి వద్దు, గట్టివి కొరకొద్దు, పెదవి లాగి చూసుకోవద్దు, మాటలు తగ్గించాలి, కుట్లు ఉన్న చోట రెండు వారాలు బ్రష్షు అసలే పెట్టొద్దు, మందు నీళ్ళతో మెల్లగా పుక్కిలిస్తే చాలు.

కత్తికి భయపడని మనిషి ఆ చివరిదానికి ఏడ్చింది. రెండు వారాలు తోమకుండా ఉండటమా! నేను చూడబోయేసరికి చల్లారిన రాగిజావ గిన్నె ముందు పెట్టుకుని, కుళాయి దగ్గర తెల్లగా ఉమ్మిన పిల్లలా కూర్చుని ఉంది. బద్యా మాత్రం పక్కన రేడియో పెట్టుకుని మంచి హుషారుగా ఉన్నాడు.

"ముప్పై ఏండ్ల సంది ఈ రేడియో మా ఇంట్ల ఉంది టీచర్. అది ఏం మాట్లాడ్తదో ఇప్పుడు ఇనపడ్తున్నది."

పెదవి లాగి చూసుకోకుండా అతను ఇంట్లో అద్దం దాచేశాడట. అయితే లంబాడీ ఇంట్లో అద్దం దాచడం అయ్యే పనేనా? హేమ్లి ట్రంకు పెట్టెలోంచి తల్లినాటి అద్దాల రవిక తీసి, రూపాయి బిళ్ళంత అద్దంలో ఒక్కో కుట్టూ చూసుకుంటూ దొరికిపోయింది. మరునాడు ట్రంకు పెట్టెకు తాళం పడింది.

కుట్లు విప్పే రోజు బద్యా కూడా వచ్చాడు. అతుకు పట్టింది. లేత గులాబీ రంగులో, కాస్త ఉబ్బుగా, కొత్త చిగురు వేరును చాలావరకు కప్పేసింది. డాక్టర్ మెత్తని బ్రష్షు తెచ్చి, ఇంకొన్నాళ్ళు పోయాక ఎలా తోమాలో చెయ్యి పట్టి నేర్పింది. పెన్ను పట్టినట్టు మూడు వేళ్ళతో పట్టుకోవాలి, చిగురు నుంచి పంటి వైపు మెల్లగా తిప్పాలి. "ఇది తోముడా, ముద్దు చేసుడా?" అంది హేమ్లి. వేలితో రెండు సార్లు రుద్ది టీ తాగే బద్యా పక్కన కూర్చుని కిసుక్కుమన్నాడు. డాక్టర్ అతని నోరు కూడా తెరిపించి చూసింది. అతనిది దీనికి పూర్తిగా ఎదురు జబ్బు. లోపల పాచి రాయిలా పేరుకుపోయి ఉంది, మూడు సార్లు వచ్చి తీయించుకోవాలంది. అతని హుషారు కూడా అక్కడికి సరి.

బడి తెరవడానికి వారం ఉందనగా హేమ్లి నా దగ్గరికి వచ్చింది. తిండి మానేసినట్టు చిక్కిపోయి ఉంది.

"ఏం చెప్పాలె పిల్లలకు?"

నాకు వెంటనే ఒక ఉపాయం తోచింది. నా తెలివి ఇలాంటి వాటికే పనిచేస్తుంది. "పై నుంచి కొత్త ఆర్డర్ వచ్చిందని చెప్పు హేమ్లమ్మా. ఇక నుంచి మెత్తని బ్రష్షులే వాడాలట అను. పోయిందేముంది? నీ పేరు నిలబడుతుంది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడున్నోళ్ళకు ఆర్డర్ అని చెప్త. ఎల్లిపోయినోళ్ళకు? ఆళ్ళ పిల్లలకు? ఆర్డర్ వచ్చిందంటే ఆళ్ళు ఇంటరా? యాడీ తప్పు చెప్పిందంటేనే ఇంటరు."

జూన్‌లో బడి తెరిచిన మరునాడు నేను కూడా ఐదున్నరకు కుళాయిల దగ్గరికి పోయాను. నా పదకొండేళ్ళ నౌకరీలో అది మొదటిసారి. బిరుసు బ్రష్షులన్నీ గోనెసంచిలో వేసి కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడింది హేమ్లి. పిల్లలు వరసల్లో ఉన్నారు. ఆ గొంతు ఎప్పటిలాగే తోట అవతలికి వినిపించింది.

"ఇగో పిల్లలూ. నేను మీకు తప్పు నేర్పిన. నెత్తురు వచ్చేదాక తోమద్దు. నెత్తురు వస్తే అది బలం కాదు, దెబ్బ. నా చిగుళ్ళు నేనే పాడు చేసుకున్న. ఖమ్మంల ఆపరేషన్ చేయించుకున్న. చూడుండ్రి." పెదవి లాగి వరస పొడవునా నడుస్తూ అందరికీ చూపించింది. ఒక్క పిల్లా నవ్వలేదు. ఆమె అంత భయపడింది ఆ నవ్వు గురించే. వరసలో చిన్నపిల్ల ఒకతి "నొప్పైందా యాడీ?" అని అడిగింది. "జరంత" అంది హేమ్లి.

అంతలో వెనక నుంచి అక్సా ముందుకొచ్చింది. ఇప్పుడు ఐదో తరగతి.

"యాడీ, నన్ను కొట్టనంటే ఒకటి చెప్త."

"చెప్పు."

"నేను ఒక్కనాడు గూడ గట్టిగ తోమలే. ఎండలప్పుడు మోదుగ పువ్వు, వానలప్పుడు బచ్చలి పండ్లు నమిలి ఎర్రగ ఉమ్మిన."

హేమ్లికి కోపం రావాలి. రాలేదు. "ఎందుకే?" అని మాత్రం అడిగింది.

"మూడో తరగతి పాఠంల ఉండె గద. మెత్తటి బ్రష్షుతోని మెల్లగ తోమాలె, చిగుళ్ళకెంచి నెత్తురు రావద్దు అని. ఇన్నమ్మ టీచర్ చెప్పింది."

రెండు వందల నలభై తలలు నా వైపు తిరిగాయి. అన్నిటికంటే చివర తిరిగింది హేమ్లి తల.

"టీచరమ్మా, నీకు ఎరుకేనా?"

"ఎరుకే హేమ్లమ్మా."

"ఎన్నేండ్ల సంది?"

"వచ్చినప్పటి సంది."

"మరి నాకెందుకు చెప్పలే? నేను సదువుకోలే. నువ్వు సదువుకున్నవు గద."

హేమ్లి నోటికి జడిసి చెప్పలేదని అంటే అందరూ నమ్మేవాళ్ళే. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే నమ్మాను. అసలు సంగతి వేరు. కుళాయిల దగ్గరికి వచ్చి ఇది తప్పు అంటే, అయితే రేపటి నుంచి నువ్వే నిలబడి నేర్పు అంటుందని నా భయం. ఐదున్నరకు నాకు నిద్ర బాగా పడుతుంది. పుస్తకంలో ఉన్నది చదివాను, నా బాధ్యత అయిపోయిందనుకున్నాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు మాత్రం ఆమెదానికంటే పెద్దది, ఆమె తెలియక చేసింది. సిగ్గుతో తల దించుకున్నాను.

హేమ్లి కిట్లలోంచి ఒక మెత్తని బ్రష్షు తీసి నా చేతిలో పెట్టి, పద్నాలుగో కుళాయి చూపించింది. ఆ రోజు నుంచి నా పొద్దు అక్కడే మొదలవుతోంది.

టిఫిన్ వేళకు స్టోర్ రూమ్‌లో పాత అడ్మిషన్ రిజిస్టర్లు దించింది. ఆమెకు చదవడం రాదు. వెళ్ళిపోయిన పిల్లల నంబర్లు తెలిసినవాళ్ళను అడిగి నేను రాసిపెట్టాలి, నేను ఫోన్ కలపాలి, ఆమె మాట్లాడుతుంది. అదీ ఒప్పందం. మొదటి ఫోన్ చర్లకు, గోరి అనే పిల్లకు కలిపాను. పదేళ్ళ కింద మా దగ్గర చదివింది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. అవతల ఎవరో పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. హేమ్లి ఫోన్ స్పీకర్‌లో పెట్టించింది.

"ఏమైందే గోరీ, పిల్ల ఎందుకేడుస్తున్నది?"

"ఏం లేదు యాడీ, పండ్లు తోమిస్తున్న. నువ్వు చెప్పినట్టే, నెత్తురు వచ్చేదాక ఇడిచిపెట్ట!"

హేమ్లి కళ్ళు తుడుచుకుని ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు టీచరమ్మా. ఈపారి జర గట్టిగ చెప్పు."